ఎడారి గుట్ట మీద బుల్లి రైలుదారి వేయాలంటే

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఇంజన్ల గురించి పెద్దగా ఏమీ ఉండదు. ఏ ఇంజన్ బావుంటుందో మీరు ఇప్పటికే వంద వీడియోలు చూసి తేల్చుకుని ఉంటారు, ఒకటో రెండో కొనేసి గరాజ్‌లో దాచి ఉంటారు కూడా. ఇది ఆరుబయట బొమ్మ రైళ్ళు తిరిగే దారి వేయడానికి చేసే మట్టిపని గురించి. నేను అరిజోనాలో ఫీనిక్స్ పక్కన ఉంటాను. వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు, శనివారం తెల్లవారగానే గునపం పట్టుకుని ఒక గుట్ట మీద. పదిహేను మందిమి ఉంటాం, ఎక్కువ మంది రిటైరైనవాళ్ళే, పైసా తీసుకోకుండా పనిచేసేవాళ్ళమే. మూడేళ్ళలో మేం వేసింది రెండుసార్లు ఊడదీసి మళ్ళీ వేశాం. మీకు ఆ అవస్థ తప్పుతుందేమోనని రాస్తున్నా.

ఎడారిలో బుల్లి రైలుని పాడుచేసేవి రెండే, ఎండా వానా. ఎండకి పట్టా సాగుతుంది, వానకి కట్ట కొట్టుకుపోతుంది. రెండింటికీ కొత్తవాళ్ళు చేసే వైద్యం ఒకటే: ఇంకా గట్టిగా బిగించడం, మేకులు కొట్టడం, సిమెంటు పోయడం. మేమూ అదే చేశాం. బిగించిన చోటే వంగింది, అడ్డం కట్టిన చోటే తెగింది. పట్టాని కదలనివ్వాలి, నీళ్ళని పోనివ్వాలి.

ఏ సైజు?

గుట్ట మీద, బయట, ఎండలో వేసేదానికి జి స్కేల్ అనే సైజే నయం. పట్టాల మధ్య వెడల్పు 45 మిల్లీమీటర్లు. జర్మనీలో ఎల్‌జీబీ అనే బొమ్మ రైళ్ళ కంపెనీ వాళ్ళు 1968లో మొదలుపెట్టిన సైజు ఇది. మన మీటర్ గేజి బండిని 22.5 వంతుకు కుదిస్తే దాదాపు ఇంతే వస్తుంది. గుంటూరు–గుంటకల్లు లైను మీటర్ గేజిగా ఉన్న రోజుల్లో ఎక్కినవాళ్ళకి ఈ బోగీల పొట్టి వాటం చూడగానే ఇంటి మనిషిని చూసినట్టుంటుంది. ఇంతకన్నా చిన్నవి బయట పనికిరావు. ఒక్క ఆకు అడ్డం పడితే ఆగిపోతాయి.

మనుషులు ఎక్కి కూర్చునే రైలు కావాలంటే అది వేరే లోకం. ఫీనిక్స్‌కి ఉత్తరాన అడోబీ మౌంటెన్ దగ్గర మరికొపా లైవ్ స్టీమర్స్ వాళ్ళది ఏడున్నర అంగుళాల గేజి, వెళ్ళి చూడండి. ఒక హెచ్చరిక మాత్రం. అమెరికాలో ఈశాన్యాన ఏడుంపావు, మిగతా చోట్ల ఎక్కువగా ఏడున్నర. పావు అంగుళం తేడా, ఒకదాని బండి ఇంకోదాని మీద నడవదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని కొనేముందు టేపు పెట్టి కొలవండి.

అసలు పని మొదలుపెట్టకముందే కాలిఫోర్నియాలోని పామ్ డెజర్ట్‌కి ఒకసారి వెళ్ళి రండి. 1970లో మొదలైన లివింగ్ డెజర్ట్ అనే జూ ఉంది అక్కడ. దాన్లో ఎడారి వాలు మీద జి స్కేల్ రైళ్ళు వంతెనలు దాటుతూ తిరుగుతుంటాయి, చూసుకునేది వాలంటీర్లే. పిల్లలు రైళ్ళని చూస్తుంటే మీరు మాత్రం పట్టాల కింద కంకర చూడండి, తూములెక్కడున్నాయో చూడండి. అక్కడ పనిచేసే పెద్దాయన ఎవరైనా కనబడితే మాట కలపండి, ఇలాంటి పని మీదున్నవాళ్ళు అడిగితే చాలు, గంట చెబుతారు.

గునపం వేసేముందు

స్థలం ఎవరిదో వాళ్ళ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు, మనుషులు మారతారు. జనాన్ని రానిచ్చేట్టయితే ఇన్సూరెన్స్ సంగతి అప్పుడే తేల్చుకోండి. తవ్వడానికి కొద్దిరోజుల ముందు 811కి ఫోన్ చేయండి, భూమిలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగు గీతలు గీసి వెళ్తారు, డబ్బులేం తీసుకోరు. అరిజోనాలో సగువారో (నిలువెత్తు కాక్టస్) లాంటి చెట్లకి చట్టం కాపలా ఉంది, వ్యవసాయ శాఖకి చెప్పకుండా పీకడానికి, కదపడానికి లేదు. చెట్టు చుట్టూ తిప్పి వేయండి, దారి కూడా అందంగా ఉంటుంది.

వీలైతే గుట్టకి తూర్పు వాలు ఎంచుకోండి. మధ్యాహ్నం మూడింటికల్లా నీడ పడుతుంది. మేం ఎంచుకున్నది పడమటి వాలు, సూర్యాస్తమయం బాగా కనబడుతుందని. బాగానే కనబడుతుంది, పట్టాలు పెనం మీద కాలినట్టు కాలుతుంటాయి కూడా.

పని అక్టోబరులో మొదలుపెట్టి ఏప్రిల్‌కల్లా ముగించాలి. రోజుకి మూడు గంటలు, పొద్దున్నే. ఈ ప్రాంతపు మట్టిలో వ్యాలీ ఫీవర్ తెప్పించే ఫంగస్ ఉంటుంది, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, పెద్దవాళ్ళని బాగా పీడిస్తుంది. అందుకని తవ్వేచోట ముందు నీళ్ళు చల్లండి, ఎన్‌95 మాస్కు వేసుకోండి. మాస్కేంటి మట్టిపనికి అని నవ్వేవాళ్ళుంటారు, నవ్వనీయండి. రాళ్ళు ఎత్తేటప్పుడు తోలు గ్లవుజులు తప్పనిసరి, కింద తేళ్ళుంటాయి. చోయా కాక్టస్ ముల్లు గుచ్చుకుంటే చేత్తో పీకకండి, ఆ చేతికి అంటుకుంటుంది. ఒక పాత దువ్వెన ఎప్పుడూ జేబులో ఉంచుకోండి, దాంతో ఒక్క ఊపున లేపేయాలి.

లెవెల్ తీయడం

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా సరికాదు. రైలు మెట్లెక్కలేదు, ఆటోలా నిటారు ఎత్తూ ఎక్కలేదు. 2 శాతం వాలు హాయిగా లాగుతుంది, అంటే 100 సెంటీమీటర్లు ముందుకెళ్తే 2 సెంటీమీటర్లు ఎక్కడం. 3 వరకూ పర్వాలేదు. 4 అంటే బోగీలు తగ్గించుకోవాలి. మలుపులో ఇంకా తగ్గించండి, అక్కడ చక్రాలు పట్టాని రాసుకుంటూ వెళతాయి, వాలు తక్కువే ఉన్నా ఇంజన్‌కి ఎక్కువలాగే ఉంటుంది.

లెక్క వేసుకోండి. గుట్ట మీద 2 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళాలంటే 2 శాతం వాలుతో 100 మీటర్ల పట్టా కావాలి. తిన్నగా అంత చోటు ఏ గుట్టకీ ఉండదు, అందుకని చుట్టలు చుట్టాలి. కాలిఫోర్నియాలో టెహచాపి లూప్ అని ఒకటుంది, 1876లో పూర్తయింది, పొడుగాటి గూడ్సు బండి తన తోక మీదనే తను దాటుకుంటూ వెళుతుంది. అక్కడ ఒక్క చుట్టులో ఎక్కేది 77 అడుగులు, వాలు సుమారు 2 శాతమే. నిజం రైలు చేసిందే మనమూ చేయాలి. 3 మీటర్ల వ్యాసంతో చుట్టు వేస్తే చుట్టుకొలత 9.4 మీటర్లు, ఎక్కేది 19 సెంటీమీటర్లు, కింద వెళ్ళే బండి పైకప్పు వంతెనకి తగులుతుంది. 5 మీటర్ల వ్యాసం వేస్తే 31 సెంటీమీటర్లు వస్తుంది, వంతెన మందం పోగా హాయిగా పడుతుంది. మేం మొదటిది వేసింది మూడు మీటర్లే, ఎవరూ కాగితం మీద గుణించలేదు. పదిహేను మందిలో నలుగురం ఇంజనీర్లం.

ఇప్పుడు ఆ వాలు గుట్ట మీద ఎలా గుర్తుపెట్టడం? లేజర్ లెవెల్ ఉంటే మంచిదే, కానీ ఎర్రటి ఎండలో ఆ గీత కనబడదు. మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి వాడిన లెవెల్ పైపే నాకు గుర్తొచ్చింది. పదిహేను మీటర్ల సన్నటి ప్లాస్టిక్ గొట్టం, లోపల నీళ్ళు, నీళ్ళలో రెండు చుక్కల రంగు, గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక కొస మీరు పట్టుకుంటారు, రెండో కొస అవతలి మనిషి, రెండు వైపులా నీళ్ళు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటం, ఆగగానే పుల్ల మీద గీత. అక్కణ్ణించి ప్రతి మీటరుకీ 2 సెంటీమీటర్లు పెంచుకుంటూ పుల్లలు పాతుకుంటూ పోవడమే. మా అమెరికన్ పెద్దాయన ఒకాయన ముందు అనుమానంగా చూశాడు, ఇప్పుడు ఆ గొట్టం ఎవరినీ ముట్టుకోనివ్వడు. పుల్లల పని ఒక్క మనిషికే అప్పగించండి. ఇద్దరు పెత్తనం చేస్తే గుట్ట మీద రెండు రైలుదార్లు తయారవుతాయి.

తవ్వకం, కట్ట

దారిని గుట్టలోకి కోసి వేయండి. కొత్తవాళ్ళు కిందివైపు మట్టి పోసి దాని మీద పట్టా వేస్తారు, పోసిన మట్టి మొదటి వానకే దిగబడుతుంది. పైవైపు కోయాలి, కోతలో పట్టా పూర్తిగా గట్టినేల మీద పడాలి. మట్టి పోయక తప్పని చోట 10 సెంటీమీటర్లకి ఒక పొర, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్ళీ పొర. అంచున రాళ్ళు పేరిస్తే గోడ నిట్టనిలువుగా కాకుండా గుట్ట వైపు కాస్త ఒరిగి ఉండాలి, మనూళ్ళో చెరువు కట్టకి రాయి పేర్చినట్టు. సిమెంటు వద్దు, రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారనీయండి.

తవ్వుతుంటే ఒకచోట గునపం ఠంగుమంటుంది. రాయి అనుకుంటారు, కాదు. కాలిచీ అంటారు దాన్ని, మట్టిలో సున్నం గడ్డకట్టి సిమెంటు పలకలా అయిపోయిన పొర. దాన్ని తిట్టుకుంటూ పగలగొట్టకండి. వీలైతే పట్టా ఎత్తు రెండు సెంటీమీటర్లు సర్దుకుని దాని మీదనే వేసేయండి, అంతకన్నా మంచి పునాది దొరకదు. ఒకటే ఇబ్బంది, నీళ్ళు అందులో ఇంకవు, కాబట్టి పక్కకి వాలు ఇవ్వాలి.

కోత మీద 15 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి సన్న కంకర నింపండి. గులకరాళ్ళు మాత్రం వద్దు. గుండ్రంగా ఉంటాయి, దొర్లిపోతాయి. క్రషర్ నుంచి వచ్చే పలుకుల రాయి అంచులు ఒకదానికొకటి పట్టుకుని కూర్చుంటాయి. పట్టాల మధ్య నింపడానికి కోళ్ళకి వేసే గ్రానైట్ నూక వాడతాం మేం, పశువుల దాణా కొట్లో సంచుల్లో దొరుకుతుంది, సైజు కూడా బుల్లి రైలుకి తూకం వేసినట్టు సరిపోతుంది.

పట్టా వేయడం

ఇత్తడి పట్టానే తీసుకోండి, ఎత్తు 0.332 అంగుళాలది, ఎవరైనా కాలేసినా వంగదు. అల్యూమినియం చవక, కానీ ఎండకి ఇంకా ఎక్కువ సాగుతుంది. స్లీపర్లు ఎండకి పెళుసెక్కని ప్లాస్టిక్‌వో కాదో కొనేముందే అడగండి, మామూలు ప్లాస్టిక్ ఇక్కడ కొన్నేళ్ళకే బిస్కెట్‌లా విరుగుతుంది.

ఇప్పుడు సాగుడు లెక్క. జనవరి తెల్లవారుజామున పట్టా 5 డిగ్రీలుంటే జూన్ మధ్యాహ్నం 65 దాకా పోతుంది, చెయ్యి పెట్టలేరు. ఆ 60 డిగ్రీల తేడాకి పది మీటర్ల ఇత్తడి పదకొండు మిల్లీమీటర్లకు పైనే సాగుతుంది. ఒక్కో ముక్క మీటరున్నర అనుకుంటే ఒక్కో అతుకు దగ్గర 1.7 మిల్లీమీటర్లు. దీనికి కొలత పరికరం మీ పర్సులోనే ఉంది. గడువు తీరిన క్రెడిట్ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పది డిగ్రీల చలిలో పట్టా వేస్తుంటే అతుకులో రెండు కార్డులు పట్టేంత సందు వదలండి. పట్టా ఓ 35 డిగ్రీలుంటే ఒక కార్డు. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్నప్పుడు వేస్తే సందు అక్కర్లేదు, అసలు ఆ టైంలో వేయకండి.

పట్టాని నేలకి మేకులతో కొట్టకండి. కంకర మీద ఊరికే కూర్చోనీయండి. సాగినప్పుడు మలుపుల దగ్గర అది కొంచెం బయటికి జరుగుతుంది, చల్లబడ్డాక లోపలికి వస్తుంది. మలుపు బయటి అంచున కంకర నాలుగు వేళ్ళు ఎక్కువ పోసి ఆ జరుగుడికి చోటివ్వండి. మేం మొదటి ఏడాది ఒక పొడవాటి తిన్నటి వరుసని సిమెంటు పలకకి స్క్రూలతో బిగించాం, ఎంత చక్కగా ఉందో అని ఫోటోలు కూడా దిగాం. మే నెలాఖరుకి అది పాములా మెలికలు తిరిగింది.

పట్టాలోంచే కరెంటు ఇచ్చేట్టయితే ప్రతి అతుకు దగ్గరా రెండు పట్టా ముక్కల్ని కలుపుతూ చిన్న వైరు టంకం పెట్టండి, వైరు వదులుగా ఉండాలి, లాగిపెట్టి అతికిస్తే మొదటి వేసవికే ఊడుతుంది. దూరం పోయే కొద్దీ కరెంటు నీరసిస్తుంది కాబట్టి దళసరి తీగని మధ్యమధ్యలో కలపాలి. నన్నడిగితే వాలంటీర్ల బృందానికి బ్యాటరీ ఇంజన్, చేతిలో రిమోట్ నయం. ఇసుక పడిన పట్టాని వారం వారం తుడిచే పని ఉండదు, ఎలుకలు వైర్లు కొరికే గొడవా ఉండదు. బ్యాటరీని మాత్రం ఎండలో ఇంజన్‌లో వదిలేసి ఇంటికి వెళ్ళకండి, ఆపిన కారులో అసలే వద్దు.

వంతెనలు, వాన

అరిజోనాలో వానాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా అని లెక్క. ఇరవై నిమిషాలు పడుతుంది, ఎండిపోయి పడున్న వాగు నడుము లోతు పారుతుంది. గుట్ట మీద వాన నీళ్ళు కోసిన చిన్న చిన్న గాడులు ఉంటాయి చూడండి, ఆర్నెల్లు చూసినా అక్కడ చుక్క నీళ్ళుండవు. అవే అసలు నీళ్ళ దారులు. వాటిని మట్టితో పూడ్చకండి.

మేం పూడ్చాం. ఒక గాడి మీద మట్టి పోసి, కింద నాలుగంగుళాల పైపు ఒకటి పెట్టి, చాల్లే అనుకున్నాం. జూలైలో ఒక సాయంత్రం గట్టి వాన. మర్నాడు వెళ్ళేసరికి పైపు మూతికి పాలోవెర్డీ కొమ్మలు గూడు కట్టినట్టు అడ్డం పడి ఉన్నాయి, నీళ్ళు కట్ట పైనుంచి దూకాయి, ఆరు మీటర్ల కట్ట లేదు. పట్టా మాత్రం ఉంది, స్లీపర్లతో సహా, రెండు ఒడ్లనీ పట్టుకుని బట్టల దండెంలా గాలిలో వేలాడుతోంది. దాని మీద ఒక బల్లి కూర్చుని ఎండ కాచుకుంటోంది. ఎవరం ఏమీ అనలేదు, ముందు ఫ్లాస్కులో కాఫీ తాగాం.

కాబట్టి చిన్న గాడికైనా వంతెనే వేయండి. పైపు తప్పదంటే అనుకున్నదానికి రెట్టింపు సైజు, దానికి ఎగువన కొమ్మలు ఆగేలా నాలుగు రాళ్ళు. పట్టాకి పైవైపు గుట్ట మీద, రెండడుగుల దూరంలో, చిన్న కాలువ ఒకటి తీసి నీళ్ళని వంతెన వైపు మళ్ళించండి. ఘాట్ రైలుదార్లలోనూ చేసేదిదే, అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కొండవైపు ఈ కాలువలు కనబడతాయి.

వంతెనకి కర్ర బావుంటుంది. దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో గోట్ కాన్యన్ దగ్గర ఒక సొరంగం కూలితే దాని బదులు 1932–33లో రెడ్‌వుడ్ కర్రతో ఒక మహా వంతెన కట్టారు, ఇనుము ఎందుకు వాడలేదంటే అక్కడి పగటి వేడికీ రాత్రి చలికీ లోహం అలసిపోతుందని. గాలిని తట్టుకోవడానికి వంతెననే కొంచెం వంపుగా కట్టారు. మన వంతెన మోకాలి ఎత్తే, అయినా రెడ్‌వుడ్, సెడార్ రెండూ పనికొస్తాయి. జిగురొక్కటే నమ్ముకోకండి. ఇక్కడి పొడి గాలికి కర్ర ఎండి ముడుచుకుంటుంది, జిగురు వదిలేస్తుంది. ప్రతి అతుకుకీ స్టెయిన్‌లెస్ మేకు పడాలి, ఏడాదికోసారి నూనె పూయాలి.

సొరంగం సరదా అందరికీ ఉంటుంది, పొడవు మాత్రం మీ చెయ్యి రెండువైపుల నుంచీ మధ్యకి అందేంతే ఉండాలి. లేదా పైన మూత పెట్టండి. బోగీ లోపల పడిపోతే తీయాలి కదా.

అలంకారం తొందరపడి చేయకండి. నల్లరంగు ప్లాస్టిక్ స్టేషన్ ఒక్క వేసవిలో అప్పడంలా ఒంగింది మాది. సిమెంటు బోర్డుతో, రాయితో కట్టండి, లేతరంగు వేయండి. చెట్లకి డ్రిప్ పైపు పెడితే కట్టకి దూరంగా ఉంచండి.

నడిపేముందు

కంకర పూర్తిగా పోయకముందే మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవాటి బోగీని చేత్తో తోస్తూ దారంతా ఒకసారి నడిపించండి. తగిలే రాయి, ఒరిగే మలుపు, ఎత్తు చాలని వంతెన అప్పుడే బయటపడతాయి. తర్వాత పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి బండి నడిపి చూడండి, రెండు పూటలా నడిస్తేనే నడిచినట్టు.

మనుషుల సంగతి క్లుప్తంగా. రైలు నడపడానికి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, తట్ట మోయడానికి నలుగురే. మేం పెట్టుకున్న పద్ధతి: తట్ట మోసినవాళ్ళకే ఆ రోజు రిమోట్ ముందు దక్కుతుంది. డెబ్బై దాటినవాళ్ళకి మోసే పని చెప్పకండి, వాళ్ళు టంకం పనిలో, కర్రపనిలో మనకన్నా నేర్పరులు. గంటకి లీటరు నీళ్ళు ఒక్కొక్కరికీ, తాగారో లేదో అడిగే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఏ అతుకు ఎప్పుడు సర్దారో, ఏ చోట కట్ట దిగిందో ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి, వచ్చే ఏడాది అదే చోట మళ్ళీ దిగుతుంది.

ఇక జూన్ రెండో వారం. ఇంజన్లు, బోగీలు ఇంటికి చేర్చేయండి. అతుకులన్నీ ఒకసారి కార్డుతో చూసుకోండి, ఇసుక పడి మూసుకుపోయిన వాటిని బ్రష్‌తో దులపండి. పైకాలువ శుభ్రం చేయండి. ఆఖరున తూముల్లో ఉన్న ఆకులు తీయాలి. ముందు టార్చి వేసి చూడండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. వేసవిలో ఆ నీడ మనకే కాదు, గిలక పాముకీ (రాటిల్ స్నేక్) ఇష్టమే.